డాబా మీద సోలార్ ఉంది, ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదు?

అందరికీ నమస్కారం. నేనిప్పుడు శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా మావయ్య వాళ్ళ డాబా మీద ఉన్నాను. టైం పదకొండున్నర, ఎండ మాడ్చేస్తోంది. నా వెనక కనిపిస్తున్నాయి కదా, ఆరు ప్యానెళ్ళు, మొత్తం మూడు కిలోవాట్లు, పెట్టించి ఏడాది దాటింది. గంట క్రితం లైన్ కరెంట్ పోయింది. అంతే, ఇంట్లో ఫ్యాన్ కూడా ఆగిపోయింది. కింద అత్తయ్య విసనకర్రతో విసురుకుంటూ నన్ను అడిగింది, "ఏటి నాన్నా, మీద ఎండ మండిపోతంది, అద్దాలు మెరిసిపోతన్నాయి, ఫ్యానేటి తిరగదు?" అని.

ఈ వీడియో ఆ ప్రశ్న కోసమే. సోలార్, గాలి, నీళ్ళు, ఊక, పేడ, వీటన్నిటితో కరెంట్ వస్తుందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం, మంచిదే అని నేనూ గట్టిగా నమ్ముతాను. కానీ ఏది మనకు ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు అన్నది మన ఇంటి దగ్గర, మన ఊరి దగ్గర నిలబడి ఎవరూ చెప్పట్లేదు.

ముందు అత్తయ్య ప్రశ్న. మావయ్య పెట్టించింది ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే వీధి కరెంట్ లైన్‌కు కలిపి నడిచేది. మెట్ల కింద గోడకు బిగించిన ఈ తెల్ల డబ్బా ఇన్వర్టర్, ప్యానెళ్ళ కరెంట్‌ని ఇంట్లో వాడే కరెంట్‌గా మార్చేది ఇదే. చూడండి, ఎర్ర లైటు వెలుగుతోంది, డిస్‌ప్లే మీద గ్రిడ్ లేదని చూపిస్తోంది. ఈ ఇన్వర్టర్ వీధి లైన్‌లో వచ్చే కరెంట్‌ని చూసుకుంటూ, అదే 230 వోల్టులకు, అదే 50 హెర్ట్జ్‌కు తాళం కలుపుతూ నడుస్తుంది. లైన్‌లో కరెంట్ పోగానే క్షణాల్లో ఇదీ ఆగిపోవాలి, అలాగే తయారు చేస్తారు. ఎందుకో ఆలోచించండి. వీధిలో కరెంట్ లేదని లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాడు, ఆ టైంలో మన డాబా మీది కరెంట్ వెనక్కి ఆ తీగలోకి పోతే మనిషి ప్రాణం పోతుంది. అందుకే ఆగుతుంది. ఇది లోపం కాదు, ఉండి తీరాల్సిన జాగ్రత్త.

లోపం ఎక్కడంటే, అమ్మినవాళ్ళు ఈ మాట చెప్పకపోవడం. మావయ్య సోలార్ పెట్టించిందే తిత్లీ తుఫాను వల్ల. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఆ రాత్రి నేనీ ఇంట్లోనే ఉన్నాను. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరి తోట కనిపించలేదు, నిలబడి ఉన్న చెట్లకు మొవ్వులు లేవు, కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి. మా వీధికి కరెంట్ వచ్చేసరికి పన్నెండో రోజు. అన్నాళ్ళూ చీకటి ఒక బాధ అయితే, నీళ్ళు ఇంకో బాధ. బోరు ఉంది, మోటారు ఉంది, నీళ్ళు మాత్రం పైకి రావు. ఆటోలో జనరేటర్ పెట్టుకుని ఒకతను ఇల్లిల్లూ తిరిగి, ట్యాంకు నింపినందుకు ఇంత అని తీసుకున్నాడు. అసలే మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులతో మంచి నీళ్ళ విలువ ఏమిటో తెలిసిన ప్రాంతం. ఆ పన్నెండు రోజుల తర్వాతే మావయ్య అనుకున్నాడు, ఎండ మన డాబా మీదే పడుతోంది కదా, ఇంకొకరి మీద ఆధారపడటం దేనికి అని. అమ్మినతను "కరెంట్ పోయినా మీకు బాధ లేదండి" అన్నాడు. ఆ ఒక్క మాట అబద్ధం.

అందుకని సోలార్ పెట్టించే ముందు మీకు మీరే తేల్చుకోండి, కావాల్సింది బిల్లు తగ్గడమా, కరెంట్ పోయినప్పుడు లైటు వెలగడమా. రెండూ వేరు వేరు. బిల్లు తగ్గాలంటే ఆన్‌గ్రిడ్ చాలు. ఒక కిలోవాట్‌కు మంచి ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా వస్తుంది, అంటే మూడు కిలోవాట్లకు పన్నెండు. పగలు మనం వాడగా మిగిలింది లైన్‌లోకి పోతుంది, రాత్రి వాడింది లైన్‌లోంచి వస్తుంది, నెట్ మీటర్ రెండూ లెక్కవేస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడైతే 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు. మావయ్యకు పద్ధెనిమిది వందలు వచ్చే బిల్లు ఇప్పుడు మూడు వందలు దాటట్లేదు, అది నేను కళ్ళారా చూశాను. కానీ తుఫానులో లైటు వెలగాలంటే బ్యాటరీ ఉండాలి, లైన్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. సబ్సిడీ లెక్క కిలోవాట్ల మీదే తప్ప బ్యాటరీ మీద కాదు. ప్యానెల్‌కు పాతికేళ్ళ గ్యారంటీ ఇస్తారు, మామూలు ట్యూబులర్ బ్యాటరీ నాలుగైదేళ్ళకే మార్చాల్సి వస్తుంది. ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఇప్పుడు కెమెరా ఇటు తిప్పుతాను. ఈ ప్యానెల్ అంచు చూడండి, తెల్లగా పొరలా ఉంది, వేలితో గీస్తే గీత పడింది. ఇది ఉప్పు. సముద్రం ఇక్కడికి దగ్గరే, గాలిలోనే ఉప్పు ఉంటుంది. నౌపడా మళ్ళలో అదే సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీస్తున్నారు, ఎండతో నడిచే పని మనకేం కొత్త కాదు. కానీ ఆ ఉప్పే ఇనుమును తినేస్తుంది. ఈ స్టాండు కాలు దగ్గర, బోల్టు చుట్టూ, ఏడాదికే ఎర్రగా తుప్పు లేచింది, మామూలు ఇనుముకు రంగు వేసి ఇచ్చేశారు. తీరం దగ్గర ఉన్నవాళ్ళు హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన, అంటే కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన స్టాండే కావాలని పట్టుబట్టండి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. ఇంకోటి, కింద నీడగా ఉంటుందని స్టాండు ఎత్తుగా కట్టించుకుంటున్నారు. తుఫాను గాలికి అది తెరచాపలా పనిచేస్తుంది. కాళ్ళు స్లాబులోకి ఎంత లోతుకు దిగాయో దగ్గరుండి చూసుకోండి.

ఇక్కడ ఈ మూల కాకి రెట్ట పడింది. చిన్న మచ్చే కదా అనిపిస్తుంది. కానీ ప్యానెల్‌లో సెల్స్ అన్నీ దండలో పూసల్లా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి, ఒకదాని మీద నీడ పడితే ఆ వరస మొత్తం నీరసపడుతుంది, పైగా ఆ సెల్ వేడెక్కి పాడవుతుంది. పక్క కొబ్బరి మట్ట నీడ కూడా అంతే. మావయ్య పదిహేను రోజులకోసారి తెల్లారకముందే మెత్తటి బ్రష్‌తో, మంచినీళ్ళతో కడుగుతాడు. ఎండలో కడగకూడదు, కాలిన అద్దం మీద చల్లటి నీళ్ళు పడితే పగిలే ప్రమాదం ఉంది.

రోహిణి కార్తెలో కరెంట్ దండిగా వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి దాని శక్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది, మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్ళు 60, 65 డిగ్రీలకు పోతుంది, అంటే వందకు పన్నెండు పద్నాలుగు పోయినట్టే. ఇక ఏ వైపు వాల్చాలి అంటే, అరసవల్లి గుర్తు తెచ్చుకోండి. మార్చిలో, మళ్ళీ అక్టోబర్‌లో కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, ఏడాదిలో సూర్యుడు ఉదయించే చోటు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ రెండుసార్లు అదే జాగాకు వస్తాడు కాబట్టి అలా జరుగుతుంది. ఆ కదలికను లెక్కలోకి తీసుకునే మన దగ్గర ప్యానెళ్ళను దక్షిణం వైపు, సుమారు 18 డిగ్రీల వాలుతో పెడతారు, మన అక్షాంశం కూడా దాదాపు అంతే.

గాలి గురించి పిల్లలు బాగా అడుగుతారు, ఇన్ని తుఫాన్లు వస్తాయి కదా, మన దగ్గర గాలిమరలు ఎందుకు లేవు అని. గాలిమరకు కావాల్సింది ఏడాది పొడుగునా ఆగకుండా వీచే గాలి, అది అనంతపురం, కర్నూలు వైపు కొండల మీద ఉంది. గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, అందుకే చోటు చూసి పెడతారు. తుఫాను గాలి పనికిరాదు, గంటకు 90 కిలోమీటర్లు దాటితే మామూలుగా మర తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే విరిగిపోతుంది.

పేడ, ఊక మాత్రం మన చేతిలో ఉన్నవే. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్‌కు రోజుకు 25 కిలోల పేడ కావాలి, పశువులున్న ఇంటికి అది వంట గ్యాస్, బయటికొచ్చే ముద్ద చేనుకు ఎరువు. మరి ఎన్ని ఇళ్ళలో పశువులు మిగిలాయి, అదే కష్టం. పలాస వైపు జీడి పిక్క తొక్కు మంచి ఇంధనం, కానీ అందులోని నూనె పొగ కళ్ళు మండించేస్తుంది, ఆ పక్కన ఉండేవాళ్ళను అడిగితే చెబుతారు.

అసలు ముడి సాయంత్రం దగ్గర ఉంది. ఆరింటికి సోలార్ సున్నా, అప్పుడే ఇంటింటా లైట్లు, టీవీలు, మోటార్లు. బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్, అంటే ఉక్కులో కలిపే మిశ్రమ లోహాల ఫర్నేసులు రాత్రీ పగలూ మండాలి. దేశంలో కరెంట్ తయారుచేసే సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కానిదేనని 2025లో ప్రకటించారు, నిజమే, కానీ అది సామర్థ్యం. ఏడాదంతా నిజంగా వచ్చే కరెంట్‌లో సగానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే.

ఈ సాయంత్రం కోసమే సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస కొండల్లో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు అంటున్నారు. కింద ఒక జలాశయం, కొండ మీద ఇంకొకటి, మధ్యాహ్నం సోలార్ ఎక్కువున్నప్పుడు నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంట్ తీస్తారు. వంద యూనిట్లు పెట్టి తోడితే తిరిగొచ్చేది 75, 80. కొత్త కరెంట్ పుట్టదు, దాచుకోవడం అన్నమాట, అయితే బ్యాటరీలా ఐదేళ్ళకు పాడవదు, దశాబ్దాలు నడుస్తుంది. ఆ మేలు నేను కాదనను. కానీ ఆ కొండ మీద గెడ్డ, అంటే వాగు ఉంది, పోడు ఉంది, ఆ నీళ్ళ మీద బతికే గిరిజనం ఉన్నారు, వాళ్ళు వద్దంటున్నారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి మనకు కరెంట్ ఇస్తోంది, ఆ నీళ్ళ కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలోనూ ఎక్కువమంది అప్పటి గిరిజనులే. సోంపేటలో బీల అనే చిత్తడి భూముల కోసం, కాకరాపల్లిలో తంపర అనే నీటి నేలల కోసం థర్మల్ ప్లాంట్లు వద్దని జనం నిలబడితే 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఈ శ్రీకాకుళం జిల్లా బిడ్డగా చెబుతున్నాను, పొగ రాదు కాబట్టి ఎవరి భూమైనా తీసుకోవచ్చు అన్న మాట నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ముందు ఖాళీగా ఉన్న డాబాలు, బడి కప్పులు, గోదాములు నింపండి. సింహాద్రి థర్మల్ ప్లాంటు జలాశయం మీద 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు, ఒక్క ఎకరం పొలం పోలేదు.

మావయ్య చివరికి ఏం చేశాడో చెప్పి ముగిస్తాను. ఆన్‌గ్రిడ్‌ని అలాగే ఉంచాడు. విడిగా ఒక ప్యానెల్, వీధి లైన్‌తో పనిలేని చిన్న ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్, ఒక బ్యాటరీ నిన్ననే తెచ్చాడు, రెండు ఫ్యాన్లకు, మూడు లైట్లకు, ఫోన్ ఛార్జింగ్‌కు. బోరు మోటారు దాంతో నడవదు, అందుకని ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుతానంటున్నాడు. ఎలక్ట్రీషియన్ సాయంత్రం వస్తాడు, వైరింగ్ అయ్యాక మెయిన్ ఆపేసి ఏది ఎంతసేపు వెలిగిందో వచ్చే వీడియోలో టైంతో సహా చూపిస్తాను. ఈలోగా మీ డాబా మీద సోలార్ ఉంటే, ఎన్ని కిలోవాట్లు, నిన్న ఎన్ని యూనిట్లు వచ్చాయి, మీ ఊరేది, ఈ మూడు కింద రాయండి. తీరం ఊళ్ళకూ బొబ్బిలి వైపు ఊళ్ళకూ తేడా ఎంతుందో నేను పక్కపక్కన పెట్టి చూడాలి.