550–0, మధ్యలో మా ఖోఖో గొడవ

బామ్మర్ది: అందరికీ నమస్కారం. బావ ఇవాళ కాలిక్యులేటర్ తెచ్చుకున్నాడు, ముందే చెప్తున్నా.

బావ: తెస్తాను. పోయిన వారం నువ్వు చేసిన కూడిక జనం ఇంకా మర్చిపోలేదు.

బామ్మర్ది: అది వదిలెయ్. ఇవాళ్టి టాపిక్, 1901 మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్. అమెరికన్ ఫుట్‌బాల్ అండీ, కోడిగుడ్డు బంతి. కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ ఆ ఏడాదే వచ్చాడు. 11 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచారు. వేసిన పాయింట్లు 550, ఇచ్చినవి సున్నా.

బావ: బఫెలో టీమ్ మీద 128–0! అదీ టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలి గీత దాటిస్తే, 5 పాయింట్లే ఇచ్చే రోజుల్లో.

బామ్మర్ది: మొదలెట్టాడు.

బావ: ఇప్పుడు 6 కదరా. పైగా బంతి ముందుకు విసరకూడదు, ఆ రూల్ 1906లో గానీ మారలేదు. మూడు ప్రయత్నాల్లో బంతిని 5 గజాలు ముందుకు తీసుకెళ్లాలి, మనుషుల్ని తోసుకుంటూ పోవడమే.

బామ్మర్ది: సరే, రోజ్ బౌల్‌కి వద్దాం, అదే రోజ్ పండగలో పెట్టే మ్యాచ్. 1902 జనవరి 1, కాలిఫోర్నియాలోని పాసడీనా, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీతో.

బావ: 1900లో యోస్ట్ కోచ్‌గా ఉన్నది ఎక్కడనుకున్నావ్? ఆ స్టాన్‌ఫర్డ్‌లోనే! మా దగ్గర చదివినవాళ్లనే కోచ్‌గా పెట్టుకుంటామని సాగనంపారు. 49–0తో బాకీ తీర్చేశాడు. నీల్ స్నో ఒక్కడే 5 టచ్‌డౌన్లు. ఇప్పటి లెక్కన 30 పాయింట్లు, చూడు.

బామ్మర్ది: కాలిక్యులేటర్ కింద పెట్టు. ఇంకా 8 నిమిషాలు ఉండగానే స్టాన్‌ఫర్డ్ వాళ్లు చాలు అనేశారు. తెలివైన పని చేశారు.

బావ: తెలివా? ఊరంతా చూస్తుంటే మధ్యలో వదిలేసి పోవడం తెలివా?

బామ్మర్ది: దెబ్బలు తగిలాయి బావా. మిషిగన్ వాళ్లు ఒక్కడినీ మార్చకుండా 11 మందితోనే మొత్తం ఆడారు, అంత గట్టి ఒళ్లు వాళ్లవి. ఇవతలివాళ్లు కాళ్లు విరగ్గొట్టుకుని ఎవరికి చూపించాలి?

బావ: ఓడిపో. 70–0తో ఓడిపో. గంట కొట్టేదాకా నిలబడు.

బామ్మర్ది: ఖోఖోలో నువ్వు నిలబడ్డావా?

బావ: ఆ ఊసెత్తొద్దన్నానా లేదా?

బామ్మర్ది: ఊరికే అడిగా.

బావ: ఊరికే కాదు, ప్రతిసారీ ఇదే. నాకు జ్వరం ఆ రోజు. మీ అక్కని అడుగు.

బామ్మర్ది: అప్పటికి నీకు అక్క తెలీదు బావా.

బావ: ...

బామ్మర్ది: సరే, సారీ. అసలు ముక్క విను. ఆ మ్యాచ్ తర్వాత రోజ్ పండగవాళ్లు ఫుట్‌బాల్ తీసేశారు. 1903లో పోలో పెట్టారు. 1904 నుంచి రథాల పందేలు!

బావ: రథాలంటే, గుర్రాలు కట్టిన రథాలా?

బామ్మర్ది: అవే. ఫుట్‌బాల్ మళ్లీ వచ్చింది 1916లో.

బావ: చూశావా? ఆ 8 నిమిషాలు ఆడి ఉంటే పరువు దక్కేది. ఫుట్‌బాల్ ఉండేది.

బామ్మర్ది: ఇంకో 20 పాయింట్లు పడేవి, అంతే.

బావ: 20 కాదు. టచ్‌డౌన్‌కి 5 చొప్పున...

బామ్మర్ది: బావా, వద్దు.

బావ: నాలుగు వేస్తే, ప్రతి టచ్‌డౌన్ తర్వాత కొట్టే కిక్కుకి ఇంకో పాయింటు, 24. అదే ఇప్పుడైతే...

బామ్మర్ది: ఆపేస్తున్నా. వచ్చే వారం కలుద్దాం అండీ.

బావ: 28! రాసుకోండి.