చేతి నిండా పనితో హుషారుగా ఉండే ఫ్రీలాన్సర్ షెడ్యూల్

నమస్తే అందరికీ, మహబూబ్‌నగర్ నుంచి మాట్లాడుతున్నా. పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఆల్బం డిజైనింగ్, చీరల షాపులకు ఫొటోలు, జాతర పోస్టర్లు, అన్నీ చేసే ఫ్రీలాన్సర్‌ని. "అన్నా, ఒక్క నిమిషం ఖాళీ ఉండవు, ఎట్లా తట్టుకుంటున్నావ్?" అని చాలామంది అడుగుతుంటారు. నాకు ఖాళీగా ఉంటేనే తోచదు, చేతి నిండా పని ఉంటేనే ఊపు. ఆ ఊపు సీజనంతా నిలవాలంటే పనులను ఎట్లా పేర్చుకోవాలో ఈరోజు స్క్రీన్ మీద చేసి చూపిస్తా.

గూగుల్ షీట్ తెరవండి, నోట్‌బుక్ అయినా సరే. ఒప్పుకున్న పనులన్నీ రాయండి. కస్టమర్ పేరు, పైసలు ఎంత అనేవి తర్వాత, ముందు ప్రతి పని పక్కన అది దేన్ని అలసటకు గురిచేస్తుందో రాయండి: కన్ను, చెవి, నోరు, కాలు. కలర్ కరెక్షన్ కన్ను, ఆడియో చెవి, కస్టమర్‌తో మార్పులు మాట్లాడటం నోరు, షూట్‌కి తిరగడం కాలు. ఇప్పుడు రేపటి రోజు నింపేటప్పుడు కన్ను పని వెంట మళ్లీ కన్ను పని రాకుండా చూసుకోండి.

ఎందుకంటే, ఇదిగో ఈ ఎర్ర గద్వాల చీర చూడండి. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు, వాటి మీద జరీ. నూలు వెలుతురును తాగేస్తుంది, జరీ తిప్పికొడుతుంది, అందుకని చీర ఒంటి రంగు బాగా కనబడాలని ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుగు, పెంచితే జరీ తెల్లగా కాలిపోయి దారం జాడే ఉండదు. హైలైట్స్, అంటే మరీ మెరిసే భాగాలు, తగ్గించాలి, అంచు వరకే మార్పు పడేట్టు మాస్క్ వేసి, స్లైడర్ మెల్లగా లాగాలి. ఈ పని చేస్తూ కూర్చుంటే కంటికి ఆ ఎరుపు అలవాటైపోతుంది, ఇక ఏ స్లైడర్ జరిపినా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. అక్కడ షాపులో రంగు తేడా వచ్చి చీర వాపసు వస్తే మాట పడేది మనమే. చీర పక్కన గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీస్తే వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సరైన కొలత, దక్కుతుంది, కానీ కన్ను తేరుకోవాలంటే స్క్రీన్ వదలాల్సిందే.

అట్లని పడుకోనక్కర్లేదు. పెళ్లి ఆడియో ఫోన్‌లో వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పంతులు మంత్రాలను బ్యాండు ఎక్కడెక్కడ మింగేసిందో విని టైము కాగితం మీద రాసుకోండి. చెవి పని నడుస్తుంది, కన్ను సేదతీరుతుంది, తిరిగి చీర ముందు కూర్చున్నప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

రెండర్, అంటే ఎడిట్ చేసిన వీడియోను సిస్టమ్ పూర్తి ఫైలుగా తయారుచేయడం, దాని సంగతి కూడా అంతే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ నుంచి వీడియోను, ఫైలు తయారుచేసే మీడియా ఎన్‌కోడర్ క్యూలోకి పంపాక అదే సిస్టమ్‌లో 12 బై 36 అంగుళాల ఆల్బం షీట్లు తెరిస్తే రెండూ నత్తనడకే. ఆ టైము నోటికీ కాలికీ ఇవ్వండి: బాకీ ఫోన్లు చేయండి, క్లాక్ టవర్ దగ్గర ప్రింటింగ్ షాపుకి వెళ్లి ప్రూఫ్ చూసి రండి.

ఇక సీజన్ విషయం. ఉగాదికి పంచాంగం రాగానే మూఢం ఎప్పుడుందో, ఆషాఢం ఎప్పుడు మొదలవుతుందో క్యాలెండర్‌లో రంగు వేసుకోండి. పెళ్లి పని ఆగే రోజులు ముందే తెలుస్తాయి. టెన్షన్ పడే బదులు అప్పటికి చీరల షాపులను పట్టుకోండి, ఎందుకంటే ఆషాఢం డిస్కౌంట్లు, వెంటనే శ్రావణం, వరలక్ష్మీ వ్రతం స్టాకు, గద్వాల, నారాయణపేట చీరలన్నిటికీ ఫొటోలు అప్పుడే కావాలి. దీపావళి దాటితే కురుమూర్తి జాతర ఫ్లెక్సీలు ఉండనే ఉన్నాయి.

కొత్త పని వచ్చినప్పుడు ఫోన్‌లోనే షీట్ తెరిచి, ఆ రకం పనికి ఏ రోజు చోటుందో చూసి, "మంగళవారం సాయంత్రం ఐదుకి ఇస్తా అన్నా, సగం పైసలు ఈరోజు పంపండి" అని చెప్పేయండి. "చూస్తా అన్నా" అన్నారంటే ఆ కస్టమర్ రోజూ ఫోన్ చేస్తూనే ఉంటాడు.