టోపీని ముందు తిరగేయండి

అందరికీ నమస్కారం. పండగ కార్యక్రమంలో పాత టోపీల గురించి మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు చాలా థ్యాంక్స్. నా చేతిలో ఉన్నది బౌలర్ హ్యాట్. చార్లీ చాప్లిన్ అనగానే కళ్ల ముందు మెదిలే గుండ్రటి నల్ల టోపీ. ఇలాంటివి పదేళ్లుగా కొంటున్నాను. మాట్లాడటం అయ్యాక దీన్ని చేతులు మారుస్తూ వెనక వరుస దాకా పంపిస్తాను, కాబట్టి ఏం చూడాలో ముందే చెబుతాను.

ఇది దొరల టోపీ అని మనలో చాలామంది అనుకుంటాం. లండన్ బ్యాంకుల వాళ్లు గొడుగూ టోపీతో నడిచే ఫొటోలు అంతగా మనసులో పడిపోయాయి. కానీ ఇది పుట్టింది పనివాళ్ల కోసం. 1849లో ఎడ్వర్డ్ కోక్ అనే ఆయన, ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో హోకమ్ ఎస్టేట్ కుటుంబానికి చెందినవారు, తమ వేటభూముల కాపలాదార్ల కోసం లండన్ సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లోని లాక్ అండ్ కంపెనీ అనే టోపీల షాపులో కొత్తరకం టోపీ చెయ్యమని అడిగారు. అప్పటిదాకా వాళ్లు పెట్టుకునే పొడవాటి టోపీలు కొమ్మలు తగిలి ఊడిపోయేవి. పొట్టిగా ఉండాలి, తలకు పట్టి ఉండాలి, దెబ్బ తగిలినా ఆగాలి. లండన్‌లోనే సౌత్‌వార్క్‌లో బౌలర్ అనే ఇంటిపేరున్న వాళ్లు చేసిచ్చారు, ఆ పేరే నిలిచింది. కోక్ ఆ టోపీని నేల మీద పెట్టి కాలితో రెండుసార్లు గట్టిగా తొక్కి, చెక్కు చెదరలేదని చూసుకుని, 12 షిల్లింగులు ఇచ్చి తీసుకెళ్లారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తొక్కినా అణగని ఆ గట్టిదనం ఎక్కడిది? నాకు ఈ పిచ్చి పట్టిందే ఆ ప్రశ్నతో. టోపీ గుడ్డ నేసింది కాదు, కుందేలు బొచ్చును వేడినీళ్లలో నొక్కి నొక్కి దగ్గరపడేలా చేసిన ఫెల్ట్, వట్టిగా వదిలేస్తే మెత్తగా వాలిపోతుంది. దాన్ని షెల్లాక్‌తో గట్టిపరుస్తారు. షెల్లాక్ అంటే మన లక్కే! మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్క. ఆ రోజుల్లో అది ఎక్కువగా మన దేశం నుంచే, ఛోటానాగ్‌పూర్ అడవుల వైపు నుంచి కలకత్తా రేవు మీదుగా ఓడలెక్కింది. ఏటికొప్పాక బొమ్మకు ఆ నున్నదనం ఇచ్చేదీ లక్కే, ఈ టోపీని నిలబెట్టిందీ లక్కే. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, నిజంగా.

లక్క వేడికి మెత్తబడుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. మంచి షాపుల్లో కన్ఫార్మేటర్ అనే పరికరాన్ని తల మీద పెట్టి, తల ఆకారం ఎలా ఉందో, ఏ వైపు ఉబ్బి ఏ వైపు నొక్కుకుని ఉందో చిన్న కాగితం మీద సూదిపోట్లతో దించేవాళ్లు, తర్వాత టోపీని వెచ్చబెట్టి ఆ ఆకారానికే వంచేవాళ్లు. అలా చేసిన టోపీని తిరగేసి పైనుంచి చూస్తే లోపల కనిపించేది సరైన కోడిగుడ్డు ఆకారం కాదు, ఎప్పుడో పోయిన ఒక మనిషి తల.

ఈ లక్క సంగతి తెలియకే మొదట్లో ఒక తప్పు చేశాను. అంచు కాస్త వంగిందని కెటిల్ ఆవిరి పట్టాను, అర నిమిషంలో ఒక పక్కంతా వేలాడిపోయింది, తిరిగి ఆ వంపు రానే లేదు. ఇప్పటికీ చూస్తే బాధేస్తుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి చాలు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది భయపెట్టడానికి కాదు. పాతకాలంలో బొచ్చును పాదరసం కలిపిన ద్రావణంతో శుద్ధి చేసేవాళ్లు. ఆ ఆవిరి పీల్చి పనివాళ్లకు చేతులు వణికేవి, నరాలు దెబ్బతినేవి. అమెరికాలో ఆ పద్ధతిని 1941లో ఆపేశారు. పాత ఫెల్ట్‌లో అది మిగిలే ఉండొచ్చు కాబట్టి పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, అరగదీసే పనులు పెట్టుకోకండి. మన పక్కనే, మాంచెస్టర్ దగ్గరి స్టాక్‌పోర్ట్‌లో, డెంటన్‌లో వేలమంది ఈ పనిలోనే బతికారు. స్టాక్‌పోర్ట్‌లో హ్యాట్ వర్క్స్ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి.

కొనేవాళ్లకు నా సలహా: పైన మెరుపు చూసి పడిపోవద్దు. వెలుతురుకు ఎత్తిపట్టి పురుగు కొట్టిన కన్నాలున్నాయేమో చూడండి. సైజు కూడా చూడండి. ఇంగ్లండ్ లెక్కలో 7 అంటే దాదాపు 57 సెంటీమీటర్లు. నాకు దొరికిన పాతవి చాలావరకు అంతకంటే చిన్నవే. పెట్టుకోవాలని కొంటే నిరాశే. అన్నిటికన్నా ముఖ్యం లోపలి తోలు పట్టీ, అది పెళుసుబారి చిరిగిందంటే దాదాపు టోపీ పని అయిపోయినట్టే, కానీ చెమట మరకలుంటే మాత్రం వదులుకోకండి. మరకలు పోగొట్టి కొత్తదానిలా చేసి అమ్మేవాళ్లున్నారు, నాకు అది అస్సలు నచ్చదు.

ఇక ఇది మీ చేతికి. రెండు చేతులతో అంచు పట్టుకోండి, నడినెత్తిన నొక్కొద్దు, ముందు తిరగేయండి. నుదురు తగిలేచోట తోలు నల్లబడి ఉంటుంది. బంగారు రంగులో రెండు అక్షరాలున్నాయి, అరిగిపోయి సగమే కనిపిస్తాయి. ఎడమవైపు పట్టీ కొంచెం లేచి ఉంటుంది, దాని వెనక నాలుగు మడతలు పెట్టిన పేపర్ ముక్క ఉంది, గుర్రప్పందేల ఫలితాలు. టోపీ వదులైతే బిగువు కోసం అలా దోపుకునేవాళ్లు. అంటే దీన్ని పెట్టుకున్నది ఆ అక్షరాల మనిషి ఒక్కడే కాదన్నమాట, అతని తర్వాత అంతకంటే చిన్న తల ఉన్న ఇంకెవరో పెట్టుకున్నారు. కొడుకేమో, పాత సామాన్ల కొట్లో కొనుక్కున్న కుర్రాడేమో. ఆ పేపర్ మాత్రం బయటికి లాగకండి, ముట్టుకుంటే పొడైపోయేలా ఉంది.