చేతులు ఆనిస్తే సున్నా

అందరికీ నమస్కారం. వాకర్స్ అసోసియేషన్ వాళ్ళు "మీ అనుభవం చెప్పండి టీచర్‌గారూ" అని అడిగితే మొదట వద్దన్నాను. పెరట్లో కాలు జారి పడడం ఏమన్నా ఘనకార్యమా? కానీ ఇందాక మీరు మోకాళ్ళు పట్టుకుని ఒక్కొక్కరే కుర్చీల్లో కూలబడుతుంటే చూశాను. చెప్పాల్సిందే అనిపించింది.

పోయిన కార్తీకమాసంలో తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టి వెనక్కి తిరిగాను. కింద పాచి. ఎడమ తుంటి దగ్గర ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. ఆపరేషన్ బాగానే చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, కుట్లు ఎప్పుడు విప్పించుకోవాలో రాశారు. ఎలా నడవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. "వాకర్ పట్టుకుని మెల్లగా నడవండమ్మా" అన్నారు, అంతే.

నాలుగు నెలలకి ఎక్స్‌రే చూసి ఎముక అతుక్కుందన్నారు. ఇంట్లో వాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. నా అసలు కష్టం అప్పుడు మొదలైంది.

మా బాత్‌రూమ్‌కి నాలుగంగుళాల గడప ఉంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి దాన్ని నేను చూసిందే లేదు, దాటడమే. ఆ రోజు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. లోపల టైల్స్ తడిగా మెరుస్తున్నాయి. కాలి వేళ్ళు వాటంతట అవే ముడుచుకుపోయాయి. నొప్పి లేదు, కాలు మాత్రం లేవడం లేదు. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నా అలాగే ఉన్నాను. వంటింట్లోంచి మా కోడలు "జాగ్రత్త అత్తయ్యగారూ!" అంది.

మా కోడలు బంగారం. ప్రేమతోనే అంది. కానీ "జాగ్రత్త" అని వినపడినప్పుడల్లా నా ఒళ్ళు బిగుసుకుపోయేది. లెక్కల టీచర్ని కదా, ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను. మధ్యాహ్నం భోజనం లోపు ఇంటిల్లిపాదీ కలిసి 22 సార్లు అన్నారు.

భయం ఊరికే మనసులో ఉండిపోదండీ, నడకలోకి దిగుతుంది. అడుగులు చిన్నవవుతాయి, మోకాళ్ళు బిగుస్తాయి, చూపు నేలకి అతుక్కుంటుంది. అలా నడిచేవాళ్ళే ఎక్కువ పడతారు. పడతామేమోనని కదలకుండా కూర్చుంటే ఉన్న కండ కరిగిపోతుంది. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే 10 రోజులు మంచం మీద ఉంచి చూశారు. కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. వాళ్ళకి ఏ జబ్బూ లేదు, గుర్తుపెట్టుకోండి. నేను వారాల తరబడి పడుకున్నాను.

అప్పుడు మా అబ్బాయి ఒక ఫిజియో అమ్మాయిని తీసుకొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. రాగానే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూద్దాం ఆంటీ అంది. నేను కుర్చీ చేతులు పట్టుకుని నాలుగుసార్లు లేచాను. కాగితం మీద సున్నా వేసింది. "నాలుగు కదమ్మా?" అన్నాను. "చేతులు ఆనిస్తే సున్నానే ఆంటీ" అంది. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి సున్నాలు వేసినదాన్ని, నాకే వేసింది! 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువ వస్తే పడే ప్రమాదం ఉన్నట్టేనట. నాకు 63.

చేతికర్ర కూడా తప్పు చేత్తో పట్టుకుంటున్నానంది. ఎడమ కాలికి దెబ్బయితే కర్ర కుడిచేతిలో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. ఇంత చిన్న సంగతి నాలుగు నెలలుగా ఎవరూ చెప్పలేదు.

మీలో చాలామంది 1985లో 'మయూరి' చూసే ఉంటారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ 'జైపూర్ కాలు' అనే కృత్రిమ కాలుతో మళ్ళీ నాట్యం చేసి, తన కథలో తనే నటించింది. అప్పుడు హాల్లో ఏడ్చాను. మంచం మీద ఉన్నప్పుడు మాత్రం ఎవరైనా ఆమె పేరెత్తితే చిరాకేసేది. ఆవిడ నాట్యమే చేసింది, నేను గడప దాటలేకపోతున్నాను! తర్వాత ఆ కాలి గురించి చదివితే చిరాకు పోయింది. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేశారు. అంతకుముందు దొరికే విదేశీ తరహా కాళ్ళకి బూటు తొడగాలి. వాటితో గొంతుక్కూర్చోలేం, బాసింపట్టు వేసుకోలేం, వట్టికాళ్ళతో పొలంలోకి దిగలేం. మన దేశంలో నడక వచ్చినంత మాత్రాన సరిపోదని వాళ్ళిద్దరికీ తెలుసు. నేల మీద కూర్చుని లేవాలి.

మా ఫిజియో అమ్మాయి కూడా అక్కడికే వచ్చింది. ఒకరోజు చాప పరిచి, "మీరు ఎప్పటికీ పడరని నేను హామీ ఇవ్వలేను ఆంటీ. పడితే ఎలా లేవాలో నేర్పిస్తాను, పడుకోండి" అంది. మా ఆయన హడలిపోయి పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

ముందు కంగారుపడకుండా ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో చూసుకోవాలి. నొప్పి గట్టిగా ఉంటే లేవకూడదు, మనిషిని పిలవాలి. బాగానే ఉంటే పక్కకి ఒత్తిగిల్లి, మోచేయి ఆనించి, చేతులూ మోకాళ్ళ మీదికి రావాలి. పసిపిల్లలా దోగాడుతూ కుర్చీ దగ్గరకి వెళ్ళి, దాని మీద రెండు చేతులూ పెట్టి, మంచి కాలి పాదం ముందుకేసి, దాని మీద బరువు మోపి లేవాలి. మొదటిసారి నాకు పదకొండు నిమిషాలు పట్టింది. దోగాడుతుంటే సోఫా కింద, ఎప్పుడో పోయిందనుకున్న నా కళ్ళజోడు డబ్బా కనిపించింది. అది చేతిలో పట్టుకునే లేచాను.

తర్వాత వారానికి బాత్‌రూమ్ గడప దాటాను. గుమ్మంలో ఆగిన మాట నిజం, కానీ బకెట్ నిండేదాకా ఆగలేదు. మా ఇంట్లో ఇప్పుడు "జాగ్రత్త" అనడం మానేశారు. "పట్టుకోమంటారా?" అని అడుగుతారు. నేను "వద్దు" అంటే ఊరుకుంటారు. కుర్చీ లెక్క నిన్నటికి 11. చేతులు ఆనించకుండానే.

ఒక్క మాట. నాది రాడ్ వేసిన కాలు, మా డాక్టరుగారు ఒప్పుకున్నారు. తుంటి కీలే మార్పించుకున్నవాళ్ళు అడక్కుండా నేల మీద కూర్చోకండి.

ఇక చెప్పేదేం లేదు, చేసి చూపిస్తాను. బాబూ, ఈ మైకు కాస్త పట్టుకో. ఆ చాప ఇటు పరవండి, కుర్చీ గోడకి ఆనించి పెట్టండి, జారిపోకుండా. రెండు నిమిషాలు పడుతుంది. ఎవరూ లేచొచ్చి చెయ్యి అందించకండి.