ముందే చెప్పేసిన ముగింపు

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మిత్రులకు నమస్కారం. నన్ను పరిచయం చేసినాయన చాలా చెప్పారు. అందులో సగం నాకే కొత్త. నేను చేసిందల్లా ఒక గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే బల్ల వెనక ముప్పై ఏళ్లకు పైగా కూర్చోవడం. పుస్తకం ఇచ్చాను, తిరిగి తీసుకున్నాను, తేదీ ముద్ర వేశాను. దానికే శాలువా కప్పారు, సంతోషం.

నాకిచ్చిన అంశం, కాలక్షేపం నవలల్లో ఏ రకం ఎలా ఎంచుకోవాలి అని. ఇరవై నిమిషాలిచ్చారు. ఆరు రకాలు, రకానికి మూడేసి నిమిషాలు, మిగతా రెండు నిమిషాలు మంచినీళ్లకి. అలా లెక్కేసి కాగితం మీద రాసుకొచ్చాను. నేను గమనించింది ఒకటుంది, ముందే చెప్పేస్తాను. అర పేరు చూసి పుస్తకం తీసుకెళ్లినవాళ్లు రెండో రోజుకే తిరిగి తెచ్చేసేవారు. తమకేం కావాలో తెలిసి వచ్చినవాళ్లు ఏ అరలోనైనా దొరికించుకునేవారు. ఇక మొదటి రకం, డిటెక్టివ్ నవల.

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశారు. ఆయన రచయితే కాక క్యాథలిక్ మతగురువు కూడా, పది అనే అంకె అందుకే వచ్చి ఉంటుంది. నేరం చేసినవాడు కథ మొదట్లోనే కనిపించాలి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. రహస్య మార్గం ఉంటే ఒకటే ఉండాలి. కవలల్ని తెచ్చి పెట్టాలంటే ముందే మనల్ని సిద్ధం చేయాలి. అంటే ఇది రచయితకూ మనకూ మధ్య పేకాట. మోసం లేకుండా ఆడితేనే మజా. మరి ఆట మధ్యలో ఎవడో వెనక నుంచి వచ్చి ఆయన చేతిలోని ముక్కలన్నీ మనకి చూపించేస్తే?

మా దగ్గర అదే జరిగింది. క్షమించాలి, ఈ మాట ఎత్తకూడదనుకునే వచ్చాను.

బాగా తిరిగే డిటెక్టివ్ నవల ఒకటుండేది. ఒకరోజు ఒకావిడ దాన్ని తెచ్చి నా బల్ల మీద దబ్బున పడేసింది. "ఇంక ఇందులో చదవడానికి ఏముందండీ?" అంది. తెరిచి చూశాను. మొదటి పేజీలో, పేరు కింద, పెన్సిల్‌తో ముత్యాల్లాంటి అక్షరాలు. "మేనల్లుడే. 212వ పేజీ చూడండి."

రబ్బరు తెచ్చి చెరిపాను. అక్షరం పోయింది గానీ గాటు పోలేదు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే మేనల్లుడు అక్కడే ఉన్నాడు. అనుమానమొచ్చి అరంతా దింపాను. పదకొండు పుస్తకాల్లో అదే చేతిరాత, అదే మర్యాద. "చూడండి" అని రాశాడు గానీ "చూడు" అని ఎక్కడా రాయలేదు. అప్పటినుంచి ఏడాది పాటు జేబులో రబ్బరు పెట్టుకుని తిరిగాను. వెనక్కొచ్చిన ప్రతి పుస్తకం మొదటి పేజీ దీపం కింద పెట్టి చూడటమే పని.

నా కోపంలో న్యాయం ఉందా లేదా, మీరే చెప్పండి. అగాథా క్రిస్టీ నాటకం ఒకటి, 'ది మౌస్‌ట్రాప్', 1952లో లండన్‌లో మొదలైంది. ఆట అయిపోయాక హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని అడుగుతారు. చూసినవాళ్లలో చాలామంది తరతరాలుగా ఆ మాటను గౌరవిస్తున్నారు. మా దగ్గర ఒక్క పెన్సిల్‌ని ఆపలేకపోయాం.

ఒక్క నిమిషం. ఈ హాల్లో చివరి పేజీ ముందే చూసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, మొహమాటం వద్దు. అమ్మో! వేదిక మీద కూడా ఒకరున్నారు. సరే, పేరు చెప్పను.

మీ తరఫున సాక్ష్యం కూడా ఉంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం అచ్చేశారు. 12 చిన్న కథలు తీసుకున్నారు. కొన్ని మిస్టరీలు, కొన్ని చివర్లో మలుపున్నవి, కొన్ని గంభీరమైనవి. కొందరికి ముగింపు ముందే చెప్పి చదివించారు, కొందరికి చెప్పకుండా. మొత్తం మీద ముందే తెలిసినవాళ్లకే కథలు కాస్త ఎక్కువ నచ్చాయని తేలింది. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. చిన్న కథ వేరు, మూడొందల పేజీల నవల వేరు అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

దొంగ ఎలా దొరికాడంటే, సభ్యత్వం రెన్యువల్ ఫారం మీద. 2 అంకెకి పొడుగాటి తోక. మేనల్లుడి 212లో ఉన్న తోకే అది. తలెత్తి చూస్తే మా దగ్గరకి రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు.

"మాస్టారూ, ఇది మీ రాతేనా?" అని పుస్తకం తెరిచి చూపించాను.

ఆయనేమీ తడబడలేదు. "అవును నాయనా. కనిపిస్తోందా? మరీ చిన్నగా రాశానేమో అనుకున్నా" అన్నారు.

"ఎందుకు రాశారండీ?"

"ఎవరు చంపారో తెలియకుండా చదువుతుంటే నాకు టెన్షన్ నాయనా. రాత్రి నిద్ర పట్టదు. అందుకే ముందు చివర చూసేసుకుంటాను. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్లకెందుకు వెతుక్కునే శ్రమ అని."

సేవ అండీ! ఏడాది పాటు నేను రబ్బరేసి చెరిపింది ఒక పెద్దాయన సేవని.

ముగింపు తెలిసిపోయాక మిగతాది ఎందుకు చదువుతారని అడిగాను. "ఆ డిటెక్టివ్ కోసం" అన్నారు. "ఒక్కొక్కణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా అడుగుతాడు చూడు, అది. సుద్దముక్క ఎవరు విసిరారని నలభై ఏళ్లు నేనూ పిల్లల్ని అలాగే అడిగాను."

అప్పుడు వెలిగింది నాకు. అమెరికాలో నాన్సీ పెర్ల్ అని పేరున్న లైబ్రేరియన్ ఉన్నారు. పుస్తకంలోకి నాలుగు వాకిళ్లుంటాయంటారావిడ. కథ, మనుషులు, చోటు, భాష. ప్రతి పుస్తకానికీ నాలుగూ ఉంటాయి గానీ ఒకటి వీధి తలుపంత ఉంటే ఇంకొకటి కిటికీ అంతే ఉంటుంది. పుస్తకం విసిరేసిన ఆవిడ కథ వాకిట్లోంచి వచ్చింది, మాస్టారు మనుషుల వాకిట్లోంచి వచ్చారు. ఇద్దరూ ఒకే అర ముందు నిలబడ్డారు కాబట్టి ఇద్దరి అభిరుచీ ఒకటేనని నేను అన్నేళ్లు అనుకున్నాను.

మీరూ ఓసారి చూసుకోండి. బాగా నచ్చిన మూడు పుస్తకాలు గుర్తు తెచ్చుకుని, వాటిలో ఏది గుర్తుందో అడగండి. మలుపులు గుర్తుంటే ఒక రకం. ఒక మనిషి మాట్లాడిన తీరు గుర్తుంటే ఇంకో రకం. ఆ ఊరి వర్షం గుర్తుంటే మీరు డిటెక్టివ్ అర దగ్గర కన్నా చారిత్రక నవలల దగ్గరో ఫాంటసీ దగ్గరో ఎక్కువ సుఖపడతారు.

మాస్టారికి ఏమిచ్చానో చెప్పనా? ప్రేమ నవల. నవ్వకండి. ముగింపుకి పూచీ ఉన్న రకం అదొక్కటే. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ప్రేమ నవలకి రెండే షరతులు పెట్టింది. కథ నడిమధ్య ప్రేమ ఉండాలి, ముగింపు తృప్తిగా, ఆశ కలిగించేలా ఉండాలి. అంటే చివరి పేజీ చూడాల్సిన పనే లేదు, అట్ట మీదే రాసినట్టు లెక్క.

"ఈ వయసులో ప్రేమ నవలా? ఎవరైనా చూస్తే?" అన్నారాయన. పాత పేపరుతో అట్టేసి ఇచ్చాను. నాలుగో రోజు వచ్చారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇద్దరూ కలుస్తారని తెలుసు నాయనా. ఆ పిల్ల ఉత్తరం చింపేసింది, ఇంకెలా కలుస్తారోనని రాత్రి రెండింటిదాకా కూర్చున్నా" అన్నారు.

"మరి టెన్షన్, మాస్టారూ?"

"ఇది వేరే టెన్షన్."

ఈ తేడానే సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పాడు. బల్ల కింద బాంబుందని మనకి తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిసి, బల్ల దగ్గరున్నవాళ్లు కబుర్లాడుకుంటూ ఉంటే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మొదటిది కావాలనుకునేవాళ్లు డిటెక్టివ్ నవలకి, రెండోది కావాలనుకునేవాళ్లు థ్రిల్లర్‌కి వెళ్లాలి. రెండూ ఒకే అరలో కలిపి పెట్టి మేము చేసిన పాపం ఇంతా అంతా కాదు.

అట్టేసి ఇచ్చానన్నాను కదా, అదింకో బాధ. ప్రేమ నవలలు చదివేవాళ్లని చిన్నచూపు చూడటం. బల్ల ముందు నిలబడి పుస్తకాన్ని బోర్లా తిప్పి ఇచ్చేవాళ్లు, "మా చెల్లెలికండీ" అనేవాళ్లు. లేని చెల్లెళ్లకి ఎన్ని కార్డులు నింపానో! సైన్స్ ఫిక్షన్‌నీ ఒకప్పుడు ఇలాగే తీసిపారేసేవారు. అందులో తొంభై శాతం చెత్తేనన్న విమర్శకులకి థియొడోర్ స్టర్జన్ అనే రచయిత 1950లలో ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఆయన పేరు మీదే నడుస్తోంది. అవును, ప్రతిదానిలోనూ తొంభై శాతం చెత్తే, అన్నాడు. మిగతా పదిని వెతుక్కోవడమే మన పని. నాలుగు చెత్త ప్రేమ నవలలు చదివి ఆ రకాన్నే కొట్టిపారేసేవాళ్లు, నాలుగు చెత్త గంభీర నవలలు చదివి సాహిత్యాన్నే కొట్టిపారేయరెందుకో!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కాగితం మీద ఇంకా మూడు రకాలున్నాయి, పరుగెడతాను. ఫాంటసీ కొత్తగా మొదలెట్టేవాళ్లు పది సంపుటాలవి పట్టుకోవద్దు, ఒక్క సంపుటంలో ముగిసేది అడగండి. డిటెక్టివ్ వరసలైతే చాలావరకు ఎక్కడ మొదలెట్టినా ఫరవాలేదు, ఫాంటసీలో మూడోది ముందు చదివితే ఎవరు ఎవరికేమవుతారో తెలియక తల పట్టుకుంటారు. హారర్ అంటే భయమున్నవాళ్లు చిన్న కథలతో మొదలెట్టండి, భయం త్వరగా దిగుతుంది. సైన్స్ ఫిక్షన్‌కి 1953 నుంచి హ్యూగో అవార్డులున్నాయి, వాటికి ఓటేసేది ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ సభ్యులు, అంటే ఎక్కువమంది అభిమానులే. మిస్టరీలకిచ్చే ఎడ్గర్‌ను 1946 నుంచీ రచయితలే ఎంచుతున్నారు. అవార్డు చూసి కొనేటప్పుడు, ఇచ్చింది తిన్నవాళ్లా వండినవాళ్లా అని చూసుకోండి. వెనక అట్ట మీది పొగడ్తలు మాత్రం నమ్మొద్దు, అవి పెళ్లిచూపుల్లో పిల్లవాడి గురించి మేనమామ చెప్పే మాటలు.

నచ్చకపోతే ఎక్కడ ఆపాలో కూడా నాన్సీ పెర్లే చెప్పారు. యాభై పేజీలు చదవండి, అప్పటికీ పట్టుకోకపోతే మూసేయండి. యాభై ఏళ్లు దాటినవాళ్లు వందలోంచి తమ వయసు తీసేసి ఎంత మిగిలితే అన్ని పేజీలు. నాకు 68. ముప్పై రెండు పేజీలు ఇస్తాను, ఆపైన ఎవరి మొహమాటమూ లేదు. వందేళ్లు నిండినవాళ్లు అట్ట చూసి తేల్చేయొచ్చట.

మాస్టారు ఇప్పుడు లేరు. అయిదేళ్లలో ప్రేమ నవలల అరంతా చదివేశారు, ఒక్కదానిలోనూ పెన్సిల్ గీత లేదు. ఆ మేనల్లుడి పుస్తకం చిరిగిపోయి తీసేస్తున్నప్పుడు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడే గుర్తొచ్చింది, హంతకుడెవరో ఇందాక నేనే నోరు జారి మీ అందరికీ చెప్పేశాను కదూ! ముప్పై ఏళ్ల నా కోపం ఏమైనట్టు? అదృష్టం కొద్దీ పుస్తకం పేరు చెప్పలేదు.

ఈ బల్ల మీదున్నది అదే. పేరు కనిపించకుండా బోర్లా పెట్టాను. తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇటు వచ్చి తిప్పి చూసుకోండి. వద్దనుకునేవాళ్లకి అటువైపు తలుపు తెరిచే ఉంది.