జనరల్ దిగిపోయిన కుర్చీ
(నల్లగొండ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పొద్దున స్టేడియం వైపు నడిచాను. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. పది పదిహేను మంది పిల్లలు గ్రౌండ్ చుట్టూ ఉరుకుతున్నారు. ఒకడు ఫోన్‌లో టైం చూస్తూ "ఇంకో రౌండ్‌రా, ఇంకొక్కటే" అని అరుస్తున్నాడు. అగ్నివీర్ సెలక్షన్ కోసమట. ఒకడి కాళ్లకు బూట్లు కూడా లేవు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య శాంతి అని నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ పిల్లల గురించే. చైనా సరిహద్దులో, గల్వాన్‌లో 2020 జూన్‌లో కర్నల్ సంతోష్ బాబును పోగొట్టుకున్న సూర్యాపేట మనకు గంట ప్రయాణం.

పాకిస్తాన్ అనగానే సైన్యం పెత్తనం గుర్తొస్తుంది. కానీ సైనిక పాలన మనకూ కొత్త కాదు. 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయాక హైదరాబాద్ రాజ్యానికి జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్ అయ్యారు. మా నాయనమ్మ ఆ కాలాన్ని "మిల్ట్రీ రాజ్యం" అనేది. రజాకార్లు పోయారని సంబరం చేసుకున్న ఊళ్లోనే, సంఘపోళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, మిలిటరీ క్యాంపు పడింది. రాత్రి లారీ చప్పుడు వినిపిస్తే దీపం ఆర్పేవాళ్లు. మగవాళ్లు జొన్నచేలల్లో పడుకునేవాళ్లు. ఆ చప్పుడు ఆమెకు చివరిదాకా గుర్తుంది.

కానీ తర్వాత జరిగింది చూడండి. 1949 చివర్లో చౌదరి ఆ కుర్చీ దిగిపోయారు. 1952లో ఎన్నికలు జరిగాయి. సైన్యం ఎవరిని వెతుకుతూ మన ఊళ్లకు వచ్చిందో, ఆ పక్షానికి చెందిన రావి నారాయణ రెడ్డిని నల్లగొండ పార్లమెంటుకు పంపింది, అదీ నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో. పాలమూరు జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. దీపం ఆర్పుకుని కూర్చున్న మా నాయనమ్మ ఆ ఏడు ఓటు చీటీ పెట్టెలో వేసి వచ్చింది.

అదే చౌదరి 1962లో సైన్యాధిపతి అయ్యారు. 1965 యుద్ధం నడిపారు. అవతల పాకిస్తాన్ అధ్యక్షుడు ఫీల్డ్ మార్షల్ అయూబ్ ఖాన్. ఇద్దరూ ఇంగ్లండులో సాండ్‌హర్స్ట్‌లోనే తయారైన అధికారులు. ఒకాయన అప్పగించిన కుర్చీ లాంటి దాన్ని ఇంకొకాయన 1958లో లాక్కున్నాడు, అదీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు. మతం వల్లనో, మనిషి మంచివాడు కావడం వల్లనో ఈ తేడా వచ్చిందని నేననుకోను. ఇక్కడ సైన్యానికి పెద్ద అయిన కమాండర్ ఇన్ చీఫ్ బంగళాలోకి ప్రధానమంత్రి నెహ్రూ వెళ్లి కాపురం పెట్టారు. ఆ పదవినే 1955లో తీసేశారు. అక్కడ 1954లో సైన్యాధిపతి అయూబ్‌నే రక్షణ మంత్రిని చేశారు. అక్కడ వయోజన ఓటుతో దేశమంతటా మొదటి ఎన్నిక జరిగేసరికి 1970 వచ్చింది. గెలిచిన తూర్పు పాకిస్తాన్ నాయకుడు ముజిబుర్ రెహమాన్‌కు అధికారం ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి దేశం రెండైంది. ఇప్పటిదాకా ఆ దేశంలో ఒక్క ప్రధాని కూడా నిండా ఐదేళ్లు పాలించలేదు.

అలాంటి చోట సంతకం విలువ ఎంత? 1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సెక్కి లాహోర్ వెళ్లారు. అక్కడి ప్రధాని నవాజ్ షరీఫ్ శాంతి ప్రకటన మీద సంతకం పెట్టాడు. మే నెలకల్లా కార్గిల్ కొండల మీద యుద్ధం. మన జవాన్లు 527 మంది పోయారు. తనకు పూర్తిగా చెప్పలేదని షరీఫ్ అన్నాడు, అన్నీ చెప్పానని ఆయన సైన్యాధిపతి ముషారఫ్ అన్నాడు. అక్టోబర్‌లో ఆ ముషారఫే షరీఫ్‌ను దింపేశాడు. యుద్ధం సంగతి ప్రధానికి తెలుసా లేదా అన్నదే తేలని దేశంతో సంధి ఎవరితో చేసుకోవాలి?

జనరళ్లతో కూడా ఒప్పందాలు కుదిరాయి కదా అంటారు. నిజమే. 1960 సింధు జలాల ఒప్పందం అయూబ్‌తోనే. యుద్ధాలను కూడా తట్టుకుని నిలిచింది. 2025లో పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. 2003 కాల్పుల విరమణ ముషారఫ్ కాలందే. కానీ నీళ్ల పంపకం వల్ల ఆ సైన్యం పెత్తనం తగ్గలేదు. వ్యాపారం పెరిగి, వీసాలు సులువై, రెండు వైపులా జనం కలిస్తే శత్రువు పేరు చెప్పి బతికే పెత్తనం తగ్గుతుంది. అక్కడికొచ్చేసరికే ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతోందని నా గట్టి నమ్మకం.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. 2025 మే నెలలో ఆ నాలుగు రాత్రులు మనం టీవీల ముందు ఎంత టెన్షన్‌గా గడిపామో గుర్తుందా? మా వాట్సాప్ గ్రూపులో కరాచీ పోర్టు కాలిపోయిందని వీడియోలు వచ్చాయి, టపాసులు కాల్చాలన్నారు. అప్పుడు ఒకాయన "ఆగండి, నిజమో కాదో తెలియనివ్వండి" అని రాశారు. పదిహేడేళ్లు సరిహద్దులో పనిచేసి వచ్చిన హవల్దార్ ఆయన. బూట్లేసుకుని ఒక్కరోజు కవాతు చేయని వాళ్లు ఆయన్ను దేశద్రోహి అన్నారు. కరాచీ పోర్టు సంగతి అబద్ధమని తేలింది. ఆయనకు ఎవరూ సారీ చెప్పలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయారు.

నిన్న ఇంటికి వెళ్లి పిలిచాను. మూడో వరుసలో కూర్చున్నారు. అన్నా, రండి, మైకు మీది.