విడాకుల కేసులో ఎదుటివారి ఫోన్ తెరుస్తున్నారా? ముందు ఇది వినండి

అందరికీ నమస్కారం. నేను ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. ఈ మధ్య తరచూ ఒకే మాట వింటున్నాను. "మేడం, రికార్డింగులు చెల్లుతాయని సుప్రీంకోర్టే చెప్పింది కదా! మా ఆవిడ వాట్సాప్ మొత్తం నా ల్యాప్‌టాప్‌లో ఉంది, కేసులో వేసేద్దామా?" అంటారు. ఆ ఫోల్డర్ మీ మీదే ఎఫ్ఐఆర్ అయ్యే వీలుంది బాబూ అని చెప్పగానే ముఖం పాలిపోతుంది. ఆడవాళ్లూ వస్తారు, భర్త ఈమెయిల్ ప్రింట్లు పట్టుకుని. ఇద్దరికీ ఒకే జవాబు చెబుతాను.

ముందు ఆ తీర్పు సంగతి. 2025 జులై 14న వచ్చింది. పంజాబ్‌లో బఠిండా ఫ్యామిలీ కోర్టులో మొదలైన కేసు. భర్త తనకూ భార్యకూ మధ్య జరిగిన మాటల్ని ఆమెకు తెలియకుండా కొన్నేళ్లపాటు రికార్డు చేశాడు. హైకోర్టు కుదరదంది, సుప్రీంకోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చంది. భార్యాభర్తల మధ్య మాటలకు సాక్ష్య చట్టంలో ఉన్న రక్షణ, వాళ్లిద్దరి మధ్యే కేసు నడుస్తున్నప్పుడు అడ్డురాదని చెప్పింది. ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి. ఆ సంభాషణలో అతను కూడా ఒకడు. తనతో అన్న మాటల్నే రికార్డు చేశాడు.

ఇప్పుడు మన దగ్గరి కేసు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చింది. భార్య తన అమ్మానాన్నలతో, స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడుకున్నవి భర్త రహస్యంగా రికార్డు చేసి, విడాకుల కేసులో పెట్టాడు. ఆ టేపులు నిజమైనవే అయినా సాక్ష్యంగా పనికిరావని హైకోర్టు చెప్పింది. పెళ్లయినంత మాత్రాన ఆమె తన తల్లితో చెప్పుకునే మాట భర్త సొత్తు అయిపోదు. నాకు ఆ తీర్పంటే చాలా గౌరవం.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే అసలు చిక్కు తెలుస్తుంది. కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుందా లేదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని సంపాదించిన తీరు నేరమా కాదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదాంట్లో గెలిచి, రెండోదాంట్లో ముద్దాయిగా నిలబడే ప్రమాదం ఉంది.

ఆ నేరాలేంటో చెబుతాను. అనుమతి లేకుండా ఇంకొకరి ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో దురుద్దేశంతో చొరబడి డేటా తీసుకుంటే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మోసపూరితంగా వాళ్ల పాస్‌వర్డ్ వాడితే అదే చట్టంలో 66సి కింద నేరం. ఇవి భార్యకైనా భర్తకైనా ఒకటే. మగవాడు ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెడితే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద స్టాకింగ్, అంటే వెంటపడి వేధించే నేరం, మొదటిసారికే 3 ఏళ్ల వరకు జైలు. బెడ్‌రూమ్‌లో, బాత్‌రూమ్‌లో కెమెరా పెట్టడం గురించి ఆలోచనే రానివ్వకండి.

డిటెక్టివ్ ఏజెన్సీలు "కాల్ డేటా తెచ్చిపెడతాం సార్" అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. కాల్ డేటా డబ్బులిచ్చి కొనుక్కునే వస్తువు కాదు. అమ్మినవాళ్లు దొరికితే కొన్న మీ పేరూ బయటికొస్తుంది.

అమెరికా నుంచి చూస్తున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ ఫెడరల్ వైర్‌టాప్ చట్టం కింద ఇతరుల ఫోన్ సంభాషణ దొంగచాటుగా పట్టుకుంటే 5 ఏళ్ల వరకు జైలు. టెక్సస్, న్యూజెర్సీలలో మీ సొంత కాల్ మీరు రికార్డు చేసుకోవచ్చు, కాలిఫోర్నియాలో అయితే ప్రైవేటు సంభాషణకు అవతలివాళ్ల అనుమతి కూడా కావాలి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు అరెస్టయితే, తర్వాత వీసా ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్నకు జవాబు రాయాల్సిందే.

మరి నిజం ఎలా బయటికి రావాలి? మీ బాధ నాకు అర్థమవుతుంది. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపట్టని మనిషికి చట్టం చెబితే కోపం వస్తుంది. కానీ దారి ఉంది. హోటల్ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అవసరమైతే కాల్ రికార్డులు తెప్పించమని కోర్టులోనే పిటిషన్ వేయండి. ఆలస్యం చేయకండి, కంపెనీలు రికార్డుల్ని ఎల్లకాలం దాచవు. జీతం ఎంతో తెలుసుకోవడానికి బ్యాంకు యాప్ తెరవాల్సిన పనే లేదు. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీకు నేరుగా వచ్చిన మెసేజ్‌లు మీవే, వాటిని డిలీట్ చేయకుండా ఉంచుకోండి.

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకోండి. మీ మీదే ఎవరైనా కన్నేశారేమో చూద్దాం. వాట్సాప్ తెరవండి. ఆండ్రాయిడ్‌లో పైన మూడు చుక్కలు, ఐఫోన్‌లో సెట్టింగ్స్. అందులో 'లింక్డ్ డివైసెస్' నొక్కండి. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి మీరు స్నానానికి వెళ్లిన ఐదు నిమిషాలు చాలు, ఒక ల్యాప్‌టాప్ ఇందులో చేరిపోవడానికి. మీది కాని పరికరం కనిపిస్తే, అది ఏదో, చివరిగా ఎప్పుడు వాడారో అక్కడే ఉంటుంది.

కంగారుపడి వెంటనే లాగౌట్ కొట్టకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, టైమ్ కనిపించేలా. ఇంకో ఫోన్‌తో ఆ స్క్రీన్‌ని ఫోటో కూడా తీయండి. ఆ తర్వాతే లాగౌట్. అలాగే గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి, 'యువర్ డివైసెస్' కూడా చూసి, పాస్‌వర్డ్ మార్చండి. ఫోన్ మాత్రం ఫార్మాట్ చేయొద్దు. ఫిర్యాదు ఇచ్చినప్పుడు పోలీసులు మొదట అడిగేది ఆ ఫోనే.